పోటుపాటుల దారిలో మూడు రోజులు

సముద్రం ప్రక్కన పుట్టినవారందరికీ సముద్రం పరిచయమేనని లోకం అనుకుంటుంది. అది సర్వదా సత్యం కాదు. మా శ్రీమతి పుట్టి పెరిగినది కాకినాడలో. అయినా ముప్పై యేళ్ళు దాటిన తరువాత కూడా ఆమె ఉప్పునీటిలో పాదం తడిపి ఎరుగదు. పెళ్ళయిన కొత్తలో మేము అక్కడికి వెళ్ళినప్పుడల్లా సాయంకాలం సముద్రపు ఒడ్డుకు షికారు అన్న ప్రస్తావన వచ్చేది. వచ్చినంత వేగంగానూ అణగిపోయేది. అత్తగారు అప్పటికప్పుడు ఏదో ఒక పని కల్పించేవారు. కారణం తెలిసిన తరువాత ఆ ప్రస్తావన మేమూ మానుకున్నాము.

కారణం ఇది. మా మామగారు రొయ్యల వేటకు పోయే మరబోటు మీద ఇంజను మేస్త్రి. 1996 నవంబరు మొదటి వారంలో బోటుతో పాటు సముద్రం మీదికి వెళ్ళారు. ఆ నెల 6వ తేదీ రాత్రి పెనుతుఫాను కాకినాడకు దక్షిణాన తీరం దాటినది. బోటు రాలేదు, ఆయనా రాలేదు. అప్పటికి మా శ్రీమతికి నాలుగేళ్ళు. తండ్రిని గురించి ఆమెకు మిగిలిన జ్ఞాపకం ఒక్కటే: ఎత్తుకున్నప్పుడు ఆయన చొక్కా నుండి వచ్చే డీజిలు వాసన.

దేహం దొరకలేదు గనుక జనాజా లేదు. జనాజా లేదు గనుక అత్తగారి దృష్టిలో మరణమే లేదు. భర్త గతించిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించడం మా ధర్మం. ఆమె పాటించలేదు. మెడలోని నల్లపూసలు తీయలేదు. జాడ తెలియని మనిషిని మా ధర్మశాస్త్రం మఫ్ఖూద్ అంటుంది. భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోతే భార్య వివాహబంధం నుండి విడుదల కోరవచ్చునని 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం చెబుతుంది. ఏడేళ్ళు ఏ కబురూ తెలియనివానిని మృతునిగా భావించవచ్చునని సాక్ష్య చట్టం చెబుతుంది. బంధువర్గంలోని పెద్దలు ఈ రెండు మాటలూ ఆమె చెవిన వేశారు. ఆమె వినయంగా విన్నారు. వీధి తలుపు గడియ మాత్రం రాత్రి బాగా ప్రొద్దుపోయేదాకా వేసేవారు కారు. ఇప్పటికీ వేయరు.

ఇటువంటి ఇంట పుట్టిన మనిషి గత సంక్రాంతి సెలవులకు ముందు ఒక రాత్రి తానుగా అన్నది: “ఏమండీ, ఈసారి ఒక పడవ మాట్లాడండి. మొదట ఏటి నీళ్ళు చూద్దాం. ఆ తరువాత సంగతి ఆ తరువాత.” ఇన్నేళ్ళకు ఈ కోరిక ఎందుకు కలిగినదని మేము మారు ప్రశ్న వేయలేదు. కొన్ని కోరికలను ప్రశ్నిస్తే వెనక్కి పోతాయి.

యానాములో పరిచయస్తుల ద్వారా నావ కుదిరినది. ఇరవై అడుగుల చెక్క నావ; వెనుక చిన్న డీజిలు ఇంజను; లోపల ఒక తెడ్డు, పొడవైన గెడ, లంగరు, ఎండకు కట్టిన గుడ్డ నీడ. నడిపేవాడు డెబ్బై యేళ్ళు దాటిన మత్స్యకారుడు. సహాయానికి ఆయన మనుమడు, పదహారేళ్ళ కుర్రవాడు. పగలు నీటి మీద, రాత్రి ఒడ్డున బసలో: ఇదీ ఒడంబడిక. అటవీశాఖవారి అనుమతి అవసరమైన చోట్లకు ముందుగానే పొందాము.

నావ ఎక్కగానే మాకు కలిగిన మొదటి సంతోషం భాషాసంబంధమైనది. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ప్రక్క ప్రక్క గదులలో బోధింపబడుతున్నవి. నావ మీద ఆ రెంటికీ నడుమ గోడ లేదు. నావ నడిపేవానిని గోదావరి జిల్లాలలో సరంగు అంటారు. అది పారసీకపు ‘సర్హంగ్’. లంగరు పారసీకమే. ఓడరేవును తెలిపే ‘బందర్’ మన మచిలీపట్నానికి మారుపేరై కూర్చున్నది. కళాసీ, తుఫాను అరబ్బీ మూలం గలవి. వాటి ప్రక్కనే మన తేట తెలుగు మాటలు: గెడ, తెడ్డు, తెరచాప, పోటు, పాటు. అలీఫ్ బే ఎరుగని ఆ వృద్ధుడు ఈ మాటలన్నింటినీ ఒకే ఊపిరిలో పలుకుతుంటే, ఏది ఎవరిదని వేరుచేయబోవడం మాకే చిన్నతనమనిపించినది.

మొదటి రోజు గౌతమి మీద గడచినది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. వాటిలో తూర్పుగా వచ్చే పెద్ద పాయ గౌతమి. యానాము దాని ఒడ్డున ఉన్నది. ఆ పట్టణం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడ నది ఎంత వెడల్పు అంటే, ఆవలి ఒడ్డు కొబ్బరితోటలు ఒక పచ్చని గీతగా మాత్రమే కనిపిస్తాయి. మా శ్రీమతి నావ నడుమ, అంచులకు సమదూరంలో కూర్చున్నది. రెండు చేతులతోనూ అడ్డకర్రను పట్టుకున్నది. మధ్యాహ్నానికి ఒక చేయి వదలినది. సాయంకాలం నావ ఒడ్డుకు చేరబోతుండగా వేళ్ళు నీటిలో ముంచి, నాలుకకు తాకించుకుని, ఉలిక్కిపడినది.

“ఉప్పగా ఉన్నదేమండీ! ఏరన్నారుగా?”

సరంగు నవ్వాడు. “ఏరేనమ్మా. వరదల రోజుల్లో అయితే సముద్రం అంచుదాకా తీపి నీరే. ఇప్పుడు పైనుంచి వచ్చే నీరు తక్కువ. పోటు వచ్చిందంటే ఉప్పు పైకి ఎక్కేస్తదండి. మనం దాని దగ్గరికి పోకపోయినా అది మన దగ్గరికి వస్తది.”

1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుండి నదిలోని నీరు పొలాలకు మళ్ళినది. వేసవి సమీపించే కొద్దీ దిగువన ఉప్పునీరు పైచేయి అవుతుంది. ఇది భూగోళశాస్త్ర విషయం. కాని ఆ సాయంకాలం మా శ్రీమతి ఆ మాటను భూగోళశాస్త్రంగా వినలేదు. బసకు చేరేదాకా మౌనంగా ఉన్నది.

ఆ రాత్రి సరంగు మరునాటి ప్రయాణానికి వేళ గుణించాడు. పోటు దినానికి రెండుసార్లు వస్తుంది. ప్రతి దినమూ ముందటి దినం కంటే సుమారు రెండు గడియలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ బలంగా, అష్టమి ప్రాంతాల మందంగా ఉంటుంది. ఆయన తిథిని బట్టి లెక్కించాడు. మేము హిజ్రీ తేదీని బట్టి లెక్కించాము. ఇద్దరి లెక్కా ఒకే చంద్రుని మీద ఆధారపడినది గనుక జవాబు కలిసినది. “సూర్యుడు ఉదయించేసరికి నావలో ఉండాలండి. పాటు పట్టుకుని దిగిపోవాల,” అన్నాడు.

మేము ఉండలేదు. తప్పు మాదే. ఫలహారాలనీ, మంచినీళ్ళ సీసాలనీ బజారులో ఒక గంట పోగొట్టాము. సరంగు ఏమీ అనలేదు. నీటి వంక ఒకసారి, మా వంక ఒకసారి చూచాడు.

యానాము వద్ద గౌతమి నుండి చీలి ఉత్తరంగా కాకినాడ అఖాతానికి పోయే పాయ పేరు కోరింగ ఏరు. దానికి తూర్పున గాడేరు. ఈ రెండు పాయల నడుమా చుట్టూ మడ అడవులు. 1978లో ఈ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఆ అడవి మనం ఎరిగిన అడవి వంటిది కాదు. నేల లేదు, బురద ఉన్నది. బురదలో గాలి ఆడదు గనుక మడచెట్టు వేళ్ళు భూమిలోనుండి పైకి లేచి, వేలాది మేకుల వలె నిలబడి ఊపిరి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్న కొమ్మల నుండి ఊతవేళ్ళు దించి, అనేక కాళ్ళతో నిలుస్తుంది. తిల్ల చెట్టు పాలు కంటపడితే చూపు దెబ్బతింటుందని సరంగు మనుమడు కొమ్మలను గెడతో దూరంగా నెట్టాడు. లకుముకి పిట్టలు, కొంగలు, గరుడపక్షులు అడుగడుగునా కనిపించాయి. బురద మీద గెంతే చిన్న చేపలను చూచి మా శ్రీమతి చిన్నపిల్ల వలె నవ్వినది. చేపలు పట్టి తినే బావురుపిల్లి కూడ ఈ అడవులలో ఉన్నది. రాత్రి సంచరించే జంతువు గనుక మాకు దర్శనమీయలేదు.

ఆ నవ్వు ఇంకా ఆగకముందే నావ అడుగు బురదను తాకినది. ఇంజను ఆపివేశారు. తాతామనుమలు గెడలు వేసి తోశారు. నీరు మా కళ్ళ ఎదుటనే వెనక్కి పోతున్నది. పావుగంటలో నావ ఒక ప్రక్కకు ఒరిగి, కదలకుండా కూర్చున్నది. మేము పోగొట్టిన గంట మా ఎదుట బురద రూపంలో నిలిచినది.

“పోటు తిరిగేదాకా ఇంతేనండి,” అన్నాడు సరంగు. ఆయన స్వరంలో నిష్ఠూరం లేదు. అందువల్ల మాకు మరింత సిగ్గు కలిగినది.

సుమారు నాలుగు గంటలు అక్కడ గడిపాము. అది వట్టి బురద కాదు, చరిత్ర గల బురద. ఒకప్పుడు కోరింగ గొప్ప రేవు. ఓడలు కట్టిన చోటు. ఇక్కడి నుండి ఓడలెక్కి తెలుగువారు బర్మాకు పోయారు. అందుకే బర్మాలో తెలుగువారికి కోరంగీలన్న పేరే స్థిరపడినది. 1789 డిసెంబరులో ఉప్పెన ఈ రేవును ముంచినది. 1839 నవంబరులో మరొక ఉప్పెన వచ్చినది. దాని తరువాత ఆ రేవు మునుపటి స్థితికి రాలేదు. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు బంగాళాఖాతపు తుఫానులను పరిశోధించి, 1848లో ‘సైక్లోన్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన వర్ణించిన వాటిలో కోరింగ ఉప్పెన కూడ ఉన్నది. ప్రపంచమంతా నేడు పలికే ఆ మాట వెనుక ఈ చిన్న గ్రామపు కన్నీరు ఉన్నదన్నమాట.

ఈ సంగతులన్నీ మేము మా శ్రీమతికి పాఠం చెప్పినట్లు చెబుతున్నాము. ఆమె వినడం లేదు. కొంతసేపటికి సరంగు వైపు తిరిగి అడిగినది: “తాతా, తొంభై ఆరు తుఫాను నాడు మీరు ఎక్కడ ఉన్నారు?”

ఆయన చుట్ట ఆర్పి నీటి వంక చూచాడు.

“ఈ అడవిలోనేనమ్మా. సాయంత్రం గాలి తేడా చూసి నావను మడలోకి తోసేశాను. నాలుగు తాళ్ళు నాలుగు చెట్లకు కట్టి, అడుగున పడుకున్నాను. పైన చెట్లు విరుగుతున్నాయి గాని, గాలి నా దాకా దిగలేదండి. నీళ్ళు పొంగినా, వేళ్ళ మధ్య దాని ఊపు చచ్చిపోయింది. తెల్లారి చూస్తే నేనున్నాను. మా తమ్ముడు పెద్ద బోటు మీద పోయాడు. చిన్న నావ వాడికి మడ దాపు ఉంది. నడిసముద్రంలో బోటు వాడు ఎక్కడ దాక్కుంటాడమ్మా?”

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత మా శ్రీమతి చెప్పినది. సరంగు అంతా విని మెల్లగా అడిగాడు: “బోటు పేరేంటమ్మా?”

ఆమె నోరు తెరచినది, మాట రాలేదు. చివరకు, “అమ్మీకి తెలుసు. నేను ఎప్పుడూ అడగలేదు,” అన్నది.

ఇరవై యేళ్ళకు మించి ఒకే కప్పు క్రింద ఉన్న తల్లీకూతుళ్ళు ఒక పడవ పేరు పలుకుకోలేదు. తల్లి చెబితే కూతురు ఏడుస్తుందని తల్లి, అడిగితే తల్లి ఏడుస్తుందని కూతురు. ఒకరినొకరు కాపాడుకోవడానికి కట్టుకున్న మౌనం అది. మేమూ ఆ ఇంటి అల్లుడిగా ఆ మౌనానికి మా వంతు ఇటుకలు అందించినవారమే.

మధ్యాహ్నం దాటిన తరువాత బురద మీద సన్నని తడి పాకినది. నావ ఒరుగు సరిదిద్దుకున్నది. సరంగు ఇంజను త్రిప్పగానే డీజిలు పొగ మా మీదుగా వచ్చినది. మా శ్రీమతి ముఖం తిప్పుకోలేదు. చీకటి పడేవేళకు అఖాతంలోకి వచ్చి, కాకినాడ దీపాలు చూచాము. ఆ రాత్రి ఇంటికి పోలేదు, బసలోనే ఉన్నాము. ఇంటికి పోతే మూడవ రోజు ఉండదని ఇద్దరికీ తెలుసు.

మూడవ రోజు హోప్ ఐలాండు. కాకినాడ అఖాతానికి తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున పరచుకున్న ఇసుకదిబ్బ అది. గౌతమి తెచ్చిన ఇసుకను సముద్రపు ప్రవాహాలు ఉత్తరానికి నెట్టగా, గడచిన రెండు వందల సంవత్సరాలలో ఏర్పడినది. అల్లకల్లోల సముద్రానికీ కాకినాడ రేవుకూ నడుమ అది సహజమైన అడ్డుగోడ. దాని లోపలి వైపు నీరు చెరువు వలె ఉంటుంది. వెలుపలి వైపు బంగాళాఖాతం.

బయలుదేరే ముందు సరంగు మనుమడు సెల్‌ఫోనులో ఆ రోజు అలల ఎత్తూ గాలి వేగమూ చూచి తాతకు చెప్పాడు. 1999లో హైదరాబాదులో స్థాపించిన మహాసముద్ర సమాచార కేంద్రం నుండి మత్స్యకారులకు ఈ సమాచారం అందుతున్నది. తాత అది విని, ఆకాశం కూడ ఒకసారి చూచుకుని, సరేనన్నాడు. “ఇది అప్పుడుంటే…” అని మొదలుపెట్టి, మా శ్రీమతి ముఖం చూచి వాక్యం ముగించలేదు.

దీవి మీద ఇసుకలో వెడల్పైన చారలు కనిపించాయి. రాత్రి గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తాబేలు జాడలు అవి. ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్ళు జనవరి మొదలు మార్చి వరకు ఈ తీరానికి వస్తాయి. ఒక్కొక్కటి నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా పోతుంది. పుట్టిన పిల్ల సముద్రంలోకి పోయి, పెరిగి పెద్దదై, తాను పుట్టిన తీర ప్రాంతాన్ని వెతుక్కుంటూ తిరిగి వస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. కొంచెం దూరాన వల చుట్టుకుని చనిపోయిన తాబేలు ఒకటి ఒడ్డున పడి ఉన్నది. వచ్చేవి అన్నీ చేరవు. ఈ రెండు దృశ్యాలనూ మేము ప్రక్కప్రక్కనే చూచాము.

దిబ్బ దాటి వెలుపలి వైపుకు వెళ్ళాము. మా శ్రీమతి చెప్పులు విడిచినది. మొదటి అల పాదాల దాకా రాకుండా ఆగినది. రెండవది చీలమండలు దాటినది. ఆమె వెనక్కి తగ్గలేదు.

మా హనఫీ సంప్రదాయంలో దేహం ఎదుట లేని జనాజా నమాజు లేదు. దుఆకు అటువంటి నిబంధన లేదు. చేతులు ఎత్తిన తరువాత ఆమె చాలాసేపు పెదవి కదపలేదు. ఎందుకో మాకు తెలుసు. ఊహ తెలిసిన నాటి నుండి ఆమె తండ్రి కోసం చేసిన ప్రార్థన ఒక్కటే: ఆయన ఎక్కడ ఉన్నా క్షేమంగా ఉండాలని. తల్లి నేర్పిన ప్రార్థన అది. బ్రతికి ఉన్నవారికి క్షేమం కోరుతాము. గతించినవారికి మగ్ఫిరత్, అంటే దైవక్షమ, కోరుతాము. ఒక్క మాట మార్చడానికి ఆమెకు ఇన్నేళ్ళు పట్టినది. ఆ ఒడ్డున ఆమె ఆ మాట మార్చినది. నీట మునిగి మరణించినవారు షహీదులలో పరిగణింపబడుతారని హదీసు చెబుతున్నది. ఆ మాట మేము మెల్లగా జ్ఞాపకం చేశాము. ఆమె తల ఊపినది. వెనుదిరిగి చూస్తే సరంగు తలపాగా తీసి చేతిలో పట్టుకుని, మాకు కొంచెం దూరాన నిలబడి ఉన్నాడు. ఆయనకూ అటు వైపు ఒకరున్నారు.

సాయంకాలం అత్తగారింటికి చేరాము. ఏమని చెప్పాలో దారి పొడవునా ఆలోచించాము. చెప్పవలసిన అవసరం రాలేదు. గుమ్మంలో విడిచిన మా చెప్పుల అంచులకు తెల్లని ఉప్పు ఎండి ఉన్నది. ఆమె ఆ చెప్పుల వంక చూచారు. కూతురి వంక చూచారు. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. టీ చల్లారేదాకా ఎవరమూ త్రాగలేదు.

మా శ్రీమతి తల్లి ప్రక్కన కూర్చుని అడిగినది: “అమ్మీ, అబ్బాజాన్ బోటు పేరేమిటి?”

అత్తగారి చేయి మెడలోని నల్లపూసల మీదికి పోయినది. కొంతసేపటికి ఆమె ఆ పేరు చెప్పారు. ఎంత స్పష్టంగా చెప్పారంటే, ప్రతిరోజూ లోలోపల పలుకుకున్న మాటను నేడు పైకి పలికినట్లు తోచినది. ఆ పేరు ఇక్కడ వ్రాయము. అది ఆ తల్లీకూతుళ్ళది. తరువాత ఆమె మాట్లాడుతూనే పోయారు. ఆయన టీలో ఎంత చక్కెర వేసుకునేవారో, ఇంజను మొరాయిస్తే దానిని ఏమని తిట్టేవారో, బయలుదేరిన నాడు బిడ్డకు ఏమి తెస్తానన్నారో చెప్పారు. మా శ్రీమతి ఒక డీజిలు వాసన నుండి ఒక తండ్రిని ఆ రాత్రి సంపాదించుకున్నది.

ప్రొద్దుపోయిన తరువాత మేము పడుకోబోతుండగా అత్తగారు వీధి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. గడియ మీద చేయి ఉన్నది. వేశారో లేదో మేము చూడలేదు. చూడడం మర్యాద కాదనిపించినది. మరునాడు ఉదయం మేము ప్రయాణమవుతుండగా ఆమె మా సంచీలో పచ్చడి సీసా సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగారు:

“ఆ సరంగును కనుక్కోండి, బాబూ. రంజాను తరువాత పోటు ఏ వేళకు వస్తుందో.”